రెండు గేదెల ఇంట మీథేన్ తగ్గించడం: ఏది ముందు, ఏది తర్వాత

ఆవుగానీ గేదెగానీ మేసిన గడ్డి ముందుగా దాని పెద్దపొట్టలో సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. ఆ పులియడంలో పుట్టే మీథేన్ వాయువులో చాలా భాగం త్రేనుపులతో నోటి నుంచే బయటికి పోతుంది. మేతలో ఉన్న మొత్తం శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఇలా గాలిలో కలుస్తుందనీ, నాసిరకం ఎండుగడ్డి మీద బతికే పశువులో ఈ నష్టం ఎక్కువగా ఉంటుందనీ పశుపోషణ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. నూరేళ్ల కాలానికి చూస్తే ఒక కిలో మీథేన్ దాదాపు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది గనుక ప్రభుత్వాలూ పాల సంస్థలూ దీన్ని పట్టించుకుంటున్నాయి. రైతు వైపు నుంచి చూస్తే మాత్రం అది డబ్బు పెట్టి కొన్న మేత వృథాగా పోవడమే. ఈ రెండు లెక్కలూ ఒకచోట కలుస్తాయి కాబట్టి, లీటరు పాలకు పోయే మీథేన్‌ను తగ్గించే పనుల్లో చాలావరకు రైతుకు నష్టం తెచ్చేవి కావు. చిక్కల్లా వాటిని ఏ వరుసలో చేపట్టాలన్న దగ్గరే వస్తుంది. ఒకే ఏడాదిలో గోబర్ గ్యాసూ, అజొల్లా (నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మేత మొక్క) తొట్టీ, కొత్త గడ్డీ, కొత్త దాణా అన్నీ మొదలుపెట్టిన ఇంట్లో మరుసటి ఏటికి ఏదీ నిలవకపోవడం తరచూ కనిపించేదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో రెండు నుంచి పది పశువులున్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని, ఖర్చు తక్కువైన వాటి నుంచి ఎక్కువైన వాటి వైపు పోయే వరుసను కింద వివరిస్తున్నాను.

ముందు నోటు పుస్తకం, నులక తాడు

ఏ పద్ధతిని మొదలుపెట్టే ముందైనా పది రోజుల పాటు ఒక్కొక్క పశువు ఉదయం, సాయంత్రం ఇచ్చిన పాలను విడివిడిగా కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. పాల కేంద్రంలో ఇచ్చే చీటీలో ఇంటి పాలన్నీ కలిసి ఉంటాయి కాబట్టి అది ఇందుకు పనికిరాదు. వీలైతే ఈ పది రోజుల్లో రెండుసార్లయినా ఒక్కొక్క గేదె పాలను వేరే క్యానులో తీసుకుపోయి వెన్న శాతం చూపించుకోవాలి. మేత మార్చినప్పుడు లీటర్లు పెరిగి వెన్న తగ్గడమూ, లీటర్లు అలాగే ఉండి వెన్న పెరగడమూ రెండూ జరుగుతాయి. వెన్నను బట్టి ధర కట్టేచోట లీటర్లను మాత్రమే చూసి ఒక పద్ధతి మంచిదనో చెడ్డదనో తేల్చుకుంటే పొరబడతాము. అదే పుస్తకంలో పశువు ఈనిన తేదీ, ఎదకు వచ్చిన తేదీ, చూలు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీ కూడా ఉండాలి, వాటి అవసరం తర్వాత వస్తుంది.

రెండో కొలత పశువు బరువు. ఇందుకు కాటా అక్కర్లేదు. గేదెను చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమంగా ఉండేలా నిలబెట్టి, ముందుకాళ్లకు సరిగ్గా వెనుకగా ఛాతీ చుట్టూ కొలవాలి. దర్జీ టేపు 60 అంగుళాలకే అయిపోతుంది గనుక, నులక తాడును మరీ బిగించకుండా, వేలాడనివ్వకుండా చుట్టి, కలిసిన చోట ముడివేసి, తర్వాత ఆ తాడును అరుగు మీద పరిచి కొలుచుకోవడం తేలిక. అలాగే భుజం ముందుకు పొడుచుకువచ్చిన ఎముక నుంచి తోక పక్కనున్న పిరుదు ఎముక కొన వరకు పొడవు తీసుకోవాలి. చుట్టుకొలతను మళ్లీ అదే చుట్టుకొలతతో గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు దాదాపుగా కిలోల్లో వస్తుంది. ఉదాహరణకు 74 అంగుళాల చుట్టు, 58 అంగుళాల పొడవు ఉన్న ముర్రా గ్రేడు గేదె 481 కిలోలు ఉంటుంది. మొదటిసారి ఈ లెక్క వేసుకున్నవారిలో చాలామంది తమ గేదెకు పెడుతున్న మేత దాని ఒంటికి సరిపోవడం లేదనో, పాలకు మించి దాణా పోస్తున్నామనో గ్రహిస్తారు.

మేత: సగం పని ఇక్కడే

పాలిచ్చే పశువుకు దాని బరువులో వందకు రెండున్నర నుంచి మూడు వంతుల ఎండు పదార్థం, అంటే మేతలో నీరు తీసేయగా మిగిలేది, రోజూ అందాలి. పై గేదెకు అది 12 నుంచి 14 కిలోలు. అది రోజుకు 6 లీటర్లు ఇస్తూ ఉంటే 25 కిలోల పచ్చిగడ్డి, 4 కిలోల వరిగడ్డి, నాలుగున్నర కిలోల దాణా సుమారుగా సరిపోతాయి. దాణాను లెక్కించే వాడుక సూత్రం ఏమిటంటే, ఒంటి పోషణకు కిలో నుంచి కిలోన్నర, దాని మీద గేదెకైతే ప్రతి 2 లీటర్లకు ఒక కిలో, ఆవుకైతే రెండున్నర నుంచి 3 లీటర్లకు ఒక కిలో. ఇంట్లోనే కలుపుకొనేవారు 100 కిలోల దాణాకు 38 కిలోల నలగ్గొట్టిన మొక్కజొన్న లేదా నూకలు, 30 కిలోల నూనెగింజల చెక్క, 29 కిలోల తౌడు, 2 కిలోల ఖనిజ లవణ మిశ్రమం, 1 కిలో ఉప్పు వేసుకోవచ్చు. బూజు పట్టిన వేరుశనగ చెక్కను చవకగా వచ్చిందని కొనకూడదు, దానిలోని విషం పాలలోకి కూడా దిగుతుంది.

జాతీయ పాడి అభివృద్ధి సంస్థ జాతీయ పాడి ప్రణాళిక మొదటి దశ కింద 2012 నుంచి ఊళ్లలో శిక్షణ పొందిన స్థానికులతో పశువు పశువుకూ ఇలాంటి మేత లెక్కలు కట్టించింది. లెక్క ప్రకారం మేపిన పశువుల్లో లీటరు పాలకు అయ్యే మేత ఖర్చూ, లీటరుకు పోయే మీథేనూ రెండూ తగ్గినట్టు తేలింది. ఇందులో కొత్తగా కొనవలసింది ఖనిజ లవణ మిశ్రమం తప్ప దాదాపు ఏమీ ఉండదు. చాలా ఇళ్లలో చేయవలసిందల్లా ఎక్కువైన తౌడును తగ్గించి, తక్కువైన చెక్కనూ పచ్చిగడ్డినీ పెంచడం. మార్పు ఏదైనా వారం పది రోజుల మీద కొద్దికొద్దిగా జరగాలి, పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడడానికి ఆ వ్యవధి అవసరం.

మన ప్రాంతంలో అసలు సమస్య వరిగడ్డి. దానిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు వంతులకు మించవు, పైగా అరుగుదల నెమ్మది. కోత యంత్రం వచ్చాక గడ్డి పొలంలోనే చెదిరిపోవడమూ, కొన్నిచోట్ల దాన్ని కాల్చేయడమూ మొదలైంది. కాల్చే బదులు కట్టలు కట్టే యంత్రంతో ఇంటికి చేర్చుకుని, యూరియాతో మాగబెడితే ఆ గడ్డే మెరుగైన మేత అవుతుంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించాలి. గచ్చు మీదగానీ మందపాటి పట్టా మీదగానీ గడ్డిని పొరలు పొరలుగా పరుస్తూ, ప్రతి పొర మీద రోజా డబ్బాతో ఆ నీటిని సమంగా చల్లి, కాళ్లతో గట్టిగా తొక్కుతూ కుప్ప వేయాలి. చివరకు గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి, అంచుల మీద మట్టి వేసి, 21 రోజులు కదపకుండా ఉంచాలి. తెరిచినప్పుడు గడ్డి ముదురు పసుపు రంగుకు తిరిగి, చేతికి మెత్తగా తగులుతుంది, కళ్లు మండేటంత అమ్మోనియా ఘాటు వస్తుంది. ఆ ఘాటు పోవడానికి ఆ పూటకు కావలసినంత గడ్డిని ముందే తీసి గంటసేపు ఆరబెట్టి, తర్వాత పెట్టాలి. మొదటి రెండు మూడు రోజులు పశువు మూతి తిప్పుకుంటుంది. అప్పుడు మామూలు గడ్డిలో పావు వంతు కలిపి అలవాటు చేయాలి.

ఈ పనిలో రెండు విషయాల్లో మాత్రం రాజీ పనికిరాదు. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టకూడదు. యూరియా బస్తా, యూరియా కలిపిన నీళ్ల బకెట్ పశువుకు ఎప్పుడూ అందకూడదు. నేరుగా యూరియా నీళ్లు తాగిన పశువు వణికి, పొట్ట ఉబ్బి, నురగలు కక్కుతూ గంటల్లోనే చనిపోవచ్చు. అలాంటి లక్షణం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ణి పిలవాలి.

పచ్చిగడ్డి విషయంలో, నీరూ ఎరువూ బాగా అందితే పది సెంట్లలో వేసిన సి.ఓ.-4 లేదా సూపర్ నేపియర్ రకం గడ్డి ఒక గేదెకు చాలుతుంది. మొదటి కోత నాటిన 70 నుంచి 75 రోజులకు, తర్వాత నెలన్నరకొకసారి వస్తుంది. ఈ గడ్డి ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు గనుక, దాని పక్కనే పప్పుజాతి మేతలైన దశరథ గడ్డి గానీ అలసంద గానీ వేసి, మూడు వంతుల గడ్డికి ఒక వంతు కలపాలి. కృష్ణా, గుంటూరు డెల్టాలో వరి కోతకు ముందే చేలో చల్లే జనుమూ పిల్లిపెసరా మన పెద్దలకు తెలిసిన పద్ధతులే. మిగిలిన తేమతోనే పెరిగి, గాలిలోని నత్రజనిని నేలకు చేర్చి, పశువుకు మంచి పచ్చిమేత ఇచ్చే ఈ పంటలను కొత్త పేరు లేకపోయినంత మాత్రాన చిన్నచూపు చూడకూడదు. సుబాబుల్ ఆకు పచ్చిమేతలో మూడో వంతు మించకూడదు, లేత జొన్న పూతకు రాకముందు మేపకూడదు. పచ్చి మొక్కజొన్నను గింజ పాలుపోసుకుని గట్టిపడే దశలో కోసి, అంగుళం ముక్కలుగా నరికి, గాలి లేకుండా తొక్కి పాతర వేస్తే 45 రోజులకు సైలేజీ, అంటే పులిసి నిలవ ఉండే పచ్చిమేత, తయారవుతుంది. రెండు గేదెల ఇంటికి గొయ్యి కన్నా ప్లాస్టిక్ సంచులే నయం, ఎందుకంటే తెరిచిన గొయ్యి నుంచి రోజూ తగినంత మందాన తీయకపోతే పైపొర చెడిపోతుంది.

అజొల్లా గురించి ఒక మాట చెప్పక తప్పదు. దానిలో మాంసకృత్తులు ఎక్కువన్నది నిజమే, అయితే నూటికి తొంభై వంతులకు పైగా నీరే. రోజుకు 2 కిలోల అజొల్లా పెడితే పశువుకు అందే ఎండు పదార్థం 200 గ్రాములకు లోపే, అంటే గుప్పెడు చెక్కతో పూడే లోటు. నేను చూసిన ఊళ్లలో రాయితీ మీద వేయించిన తొట్లలో చాలావాటిలో ఇప్పుడు వాననీరు నిలిచి ఉంది. నీడా నీరూ తీరికా ఉన్న ఇంటికి అది మంచిదే, మొదట చేయవలసిన పని మాత్రం కాదు.

వట్టి రోజులు

పాలివ్వని గేదె కూడా మేస్తుంది, త్రేన్చుతుంది. అందుకే లీటరు పాలకు మీథేన్ లెక్క కట్టేటప్పుడు ఈతకూ ఈతకూ మధ్య వ్యవధి దాణా అంత ముఖ్యమైనది. గేదె 300 రోజులు పాలిస్తుందని అనుకుందాం. నెలకు 30 రోజుల చొప్పున ఈతల మధ్య 14 నెలలు ఉంటే పాలివ్వని వట్టి రోజులు 120. అదే 20 నెలలైతే 300, అంటే పాలిచ్చే ప్రతి రోజుకూ ఒక వట్టి రోజు. అదనంగా పడిన 180 రోజులకు రోజుకు 8 కిలోల గడ్డి చొప్పున వేసుకున్నా 1,440 కిలోల గడ్డి తిరిగిరాని ఖర్చు.

దీన్ని తగ్గించడానికి మందుల కన్నా ముందు కళ్లు కావాలి. గేదెల్లో మూగ ఎద ఎక్కువ. చాలావాటిలో అరుపు ఉండదు, ఆవులా ఒకదానిపై ఒకటి ఎక్కడమూ తక్కువే. తెల్లవారుజామున కట్టుగొయ్య దగ్గర తోక కింద తీగలు కనిపిస్తున్నాయా, మాటిమాటికీ మూత్రం పోస్తోందా, పాలు చేపడం తగ్గిందా అన్నది రోజూ చూసేవారే పట్టుకోగలరు. ఈనిన రెండు నెలల తర్వాత నుంచి ఈ పరిశీలన మొదలుపెట్టాలి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం ఊళ్లో సూది వేసే గోపాలమిత్ర చేతగానీ పశువైద్యశాలలోగానీ సూది వేయించాలి. 21 రోజులకు మళ్లీ ఎద రాలేదని చూలు నిలిచిందనుకుని వదిలేయడం మన రైతులు తరచూ చేసే పొరపాటు. రెండు మూడు నెలల మధ్య చూడి పరీక్ష చేయిస్తేనే నిజం తెలుస్తుంది. లింగ నిర్ధారిత వీర్యంతో దాదాపు 90 శాతం ఆడదూడలే పుడతాయి. ఆవుల మందలో అక్కరకు రాని కోడెదూడల మేపకం తగ్గించడానికి ఇది ఉపయోగమే, అయితే సూది నిలిచే అవకాశం మామూలు వీర్యం కన్నా కొంత తక్కువ గనుక దాన్ని ఆరోగ్యమైన పడ్డలకూ తొలి ఈత పశువులకూ వాడడం మేలు. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు, ఆడదూడకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు మధ్య బ్రూసెల్లా (పశువు ఈసుకుపోయేలా చేసే జబ్బు) టీకా తప్పించకూడదు. ఈసుకుపోయిన గేదె మళ్లీ కట్టే లోపు ఎన్ని నెలలు వృథాగా మేస్తుందో పై లెక్కే చెబుతుంది.

పేడ, మంట, ఎవరి పని ఎంత

పేడ నుంచి కూడా మీథేన్ వస్తుంది, కాకపోతే ఎంత వస్తుందన్నది దాన్ని ఎలా ఉంచామన్నదాన్ని బట్టి ఉంటుంది. పొడిగా, వదులుగా ఉన్న కుప్ప నుంచి తక్కువ, మూత్రమూ కడిగిన నీరూ చేరి బురదగా నిలిచిన గుంట నుంచి ఎక్కువ. అందువల్ల డబ్బు పెట్టకుండా చేయగల మొదటి పని, కొట్టం నుంచి మూత్రపు కాలువను వేరు చేసి, పేడకుప్పను కాస్త ఎత్తున, నీడపట్టున వేసి అప్పుడప్పుడు తిరగవేయడం.

రెండు గేదెలు కట్టుగొయ్య దగ్గరే ఉంటే రోజుకు 25 కిలోల పేడ దొరుకుతుంది, 1 ఘనపు మీటరు గోబర్ గ్యాస్ యూనిట్‌కు అది చాలు. 2 ఘనపు మీటర్లకు రెట్టింపు కావాలి. ఒక ఘనపు మీటరు గ్యాస్ సుమారు 430 గ్రాముల వంటగ్యాస్‌కు సమానం గనుక, సక్రమంగా నడిస్తే నెలకు ఒక సిలిండరుకు కొంచెం తక్కువగా ఆదా అవుతుంది, చలికాలంలో ఇంకా తగ్గుతుంది. పేడనూ నీటినీ సమపాళ్లలో కలిపినప్పుడు అది దోసెల పిండిలా జారాలి. పలుచనైతే నీరు విడిగా తేలి గ్యాస్ తగ్గుతుంది, చిక్కనైతే పైన గడ్డకట్టి పొర ఏర్పడుతుంది. ఫినాయిల్, సబ్బునీళ్లు అందులోకి పోకూడదు. మొదటిసారి వచ్చే గ్యాస్‌లో గాలి కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని వెలిగించకుండా వదిలేయాలి. పొయ్యి మంట ఎగిరెగిరి పడుతుంటే గొట్టంలో నీరు చేరిందని అర్థం. పల్లంలో పెట్టిన కుళాయి తిప్పి ఆ నీటిని తీసేయాలి. నెలకొకసారి అతుకుల మీద సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. కారే యూనిట్ మీథేన్‌ను తగ్గించడానికి బదులు నేరుగా గాలిలోకి వదులుతుంది, ఆ లెక్కన పేడకుప్పే నయం.

యూనిట్ కట్టించే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. రోజూ 25 కిలోల పేడ ఎత్తి, అంతే నీరు మోసి, కలిపి పోసేది ఎవరు? చాలా ఇళ్లలో అది ఆడవారి పనే అవుతుంది, అయినా సంతకం పెట్టేది మాత్రం మగవారు. గుంటను కొట్టానికీ నీటి తొట్టికీ పది అడుగుల లోపు పెట్టించుకుంటే పని పది నిమిషాల్లో ముగుస్తుంది, పెరటి చివర పెట్టిస్తే ఆరు నెలల్లో ఆగిపోతుంది. గుజరాత్‌లో ఆణంద్ దగ్గరి జకరియాపురాలో ఇంటింటా చిన్న యూనిట్లు పెట్టించి, గ్యాస్ పోగా మిగిలిన స్లర్రీని (జారుడు పేడను) మహిళల సంఘమే సేకరించి అమ్మే ఏర్పాటు చేయడం వల్ల, పని చేసేవారి చేతికే డబ్బు కూడా వచ్చింది. స్లర్రీని గుంటలో నిలవ ఉంచకుండా ఎప్పటికప్పుడు నేపియర్ మడికి పారిస్తే, కోత కోతకూ వేసే యూరియాలో కొంత తగ్గుతుంది. రాయితీ వివరాలు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థ ఎన్.ఆర్.ఇ.డి.క్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్) కార్యాలయంలో అడగవచ్చు.

ఎండకాలపు జాగ్రత్తలు కూడా ఇందులో భాగమే, ఎందుకంటే వేడికి మేత మానేసిన గేదె ఎద కూడా దాటేస్తుంది. కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి, రేకుల మీద తాటాకుగానీ వరిగడ్డిగానీ కప్పాలి, నీళ్లు రోజంతా అందుబాటులో ఉండాలి. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ గనుక ఫాన్ లేకుండా నీటి తుంపర మాత్రమే పెడితే ఉక్క పెరుగుతుంది. చెరువు దగ్గరుంటే మధ్యాహ్నం గేదెను దానిలోకి వదలడానికి మించిన ఉపాయం లేదు.

పొడులు, ఒప్పందాలు

బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లు (వగరు పదార్థాలు) ఎక్కువగా ఉన్న మొక్కల నుంచి 'హరిత ధార' అనే పొడిని రూపొందించి 2021లో ప్రకటించింది. అది మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని ఆ సంస్థ చెప్పింది. విదేశాల్లో 3-ఎన్.ఓ.పి. అనే రసాయనాన్ని దాణాలో కలిపి సుమారు 30 శాతం తగ్గిస్తున్నారు. దానికి 2021లో బ్రెజిల్, 2022లో ఐరోపా సమాఖ్య, 2024లో అమెరికా అనుమతినిచ్చాయి. అది ప్రతి మేత ముద్దలోనూ కలిసి ఉండాలి గనుక, పగలంతా గట్ల మీద మేసి సాయంత్రం మాత్రమే దాణా తినే మన గేదెకు అంత సులభంగా సరిపోదు. ఇలాంటి పొడి ఏదైనా అమ్మకానికి వస్తే, పాలు పెరుగుతాయన్న మాట విని కాకుండా, ఒకే ఈతలో ఒకే స్థాయిలో ఉన్న రెండు గేదెల్లో ఒకదానికి నెల రోజులు పెట్టి, రెండోదానికి పెట్టకుండా, పది రోజుల పుస్తకంతో సరిపోల్చి చూసుకున్నాకే కొనాలి. మేత లెక్క సరిగాలేని గేదెకు ఈ పొడి పెట్టడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

గోబర్ గ్యాస్ యూనిట్ తక్కువ ధరకు ఇచ్చి, దానివల్ల తగ్గిన కాలుష్యాన్ని కార్బన్ క్రెడిట్లుగా అమ్ముకునే సంస్థలు కూడా ఊళ్లలోకి వస్తున్నాయి. అలాంటి కాగితం మీద సంతకం పెట్టే ముందు, క్రెడిట్ల హక్కు ఎవరిది, ఎన్నేళ్ల పాటు, యూనిట్ చెడిపోతే బాగుచేసే బాధ్యత ఎవరిది, గేదెలను అమ్మేస్తే ఏమవుతుంది అన్న నాలుగు మాటలూ తెలుగులో రాయించుకుని, ఒక ప్రతిని పాల పుస్తకంలోనే దాచుకోవాలి.